అమెరికన్ నదిలో బంగారు రజను గాలించడానికి తక్కువ ఖర్చుతో పరికరాలు ఎలా తయారు చేసుకోవాలి?

ప్రశ్న: ఫోల్సమ్ వాసి

అందరికీ నమస్కారం. మేము కాలిఫోర్నియాలో అమెరికన్ నది ఒడ్డునున్న ఫోల్సమ్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి నాలుగో తరగతి చదువుతున్నాడు. ఇక్కడి బడుల్లో ఆ తరగతి పిల్లలకు రాష్ట్ర చరిత్రలో భాగంగా గోల్డ్ రష్, అంటే బంగారం కోసం జనం ఇక్కడికి ఎగబడిన కాలం గురించి ప్రత్యేకంగా బోధిస్తారు. ఆ పాఠం మొదలైనప్పటి నుంచి వాడి ధ్యాసంతా దాని మీదే ఉంది. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్ రంపపు మిల్లు కాలువలో బంగారు రేకులను చూసిన కొలోమాకు వాణ్ణి తీసుకువెళ్ళి, నీటితొట్టె దగ్గర పళ్లెం తిప్పడం నేర్పించాం. ఇప్పుడు కొన్న పరికరం వద్దనీ, తండ్రీకొడుకులం కలిసి సొంతంగా స్లూయిస్ పెట్టె (పారే నీటిలో మట్టి పోస్తే అడుగునున్న అడ్డుపట్టీల దగ్గర బంగారం ఆగే పొడవాటి పెట్టె) చేసుకోవాలనీ పట్టుబడుతున్నాడు. వాడి చేత కొలతలు వేయించి, రంపం పట్టించి, ఒక పని మొదటి నుంచి చివరి వరకు చేయించే అవకాశం ఇదని నాకూ అనిపిస్తోంది.

నా దగ్గర అర షీటు ప్లైవుడ్, జిగ్‌సా, డ్రిల్లు ఉన్నాయి. మొత్తం ఖర్చు 100 డాలర్లు దాటకూడదని అనుకుంటున్నాను. పెట్టె ఎంత పొడవు, ఎంత వెడల్పు ఉండాలి? అడుగున ఎలాంటి తివాచీ లేదా రబ్బరు వేయాలి? అడ్డుపట్టీలను చెక్కతో చేయవచ్చా, లోహంతోనే చేయాలా? పళ్లెం, జల్లెడ కూడా ఇంట్లోనే చేసుకోవడం సాధ్యమేనా? వీడియోల్లో చాలామంది చిన్న మోటారు పెట్టి నీరు తోడుతున్నారు; అది మనకు అవసరమా? పెట్టె తయారయ్యాక దానిని ఎక్కడ దించవచ్చో కూడా తెలిసినవారు చెప్పగలరు. బంగారంతో డబ్బు చేసుకోవాలన్న ఆశ మాకు లేదు. పెట్టె సరిగా పనిచేయాలి, దొరికిన నాలుగు రేణువులు చేజారకూడదు, అంతే.

సమాధానం: ఆబర్న్ వడ్రంగి

నమస్కారం అండీ. మీ ప్రశ్నల్లో చివరిదాన్నే నేను ముందుకు తెస్తాను, ఎందుకంటే మీరు ఏ ఒడ్డున కూర్చోబోతున్నారో ఆ చోటే మీరు ఏ పరికరం చేయాలో నిర్ణయిస్తుంది. కాలిఫోర్నియా రాష్ట్ర పార్కుల్లో, అంటే మీరు చూసివచ్చిన కొలోమాలోనూ, మా ఊరి దగ్గరి ఆబర్న్ స్టేట్ రిక్రియేషన్ ఏరియాలోనూ, చేతులు, పళ్లెం తప్ప మరే పనిముట్టూ వాడకూడదు. పార కూడా వాడకూడదు. కొలోమాలో అందుకు కేటాయించిన ఒడ్డున మాత్రమే గాలించాలి. రాష్ట్ర పార్కు నుంచి ఒక మనిషి రోజుకు 15 పౌండ్లకు మించి రాళ్లూ ఖనిజాలూ తీసుకుపోకూడదన్న నిబంధన కూడా ఉంది. కాబట్టి మీరు ఎంత చక్కని స్లూయిస్ పెట్టె చేసినా అక్కడ నీటిలో దించడానికి వీల్లేదు.

కేంద్ర ప్రభుత్వ భూములను చూసుకునే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అధీనంలోని సమాఖ్య భూముల్లో పరిస్థితి వేరు. అక్కడ చేతి పనిముట్లు, పళ్లెం, మోటారు లేని స్లూయిస్ సాధారణంగా ‘సాధారణ వినియోగం’ కిందికి వస్తాయి, ముందస్తు అనుమతి పత్రం అక్కర లేదు. అయితే ఆ భూమి మీద మరొకరికి మైనింగ్ క్లెయిము, అంటే ఖనిజం తీసుకునే నమోదైన హక్కు, ఉంటే అందులోని బంగారం వారిదే అవుతుంది. కొన్ని నదీ తీరాలకు ప్రత్యేక ఆంక్షలూ ఉంటాయి. ఈ సంస్థ మదర్ లోడ్ కార్యాలయం మీ పక్కనే ఎల్ డొరాడో హిల్స్‌లో ఉంది. రంపం పట్టకముందే అక్కడికి వెళ్ళి, ఏ ఒడ్డున స్లూయిస్‌కు అభ్యంతరం లేదో పటం మీద చూపించమని అడగండి. మోటారు సంగతి మాత్రం పూర్తిగా మరచిపోండి. నది అడుగును మోటారుతో పీల్చే డ్రెడ్జింగ్ ఈ రాష్ట్రంలో 2009లోనే ఆగిపోయింది. ఒడ్డున నీరు తోడే పంపులకు కూడా చిక్కులు ఉంటాయి. పిల్లవాడికి నేర్పడానికి పారే నీటి బలం చాలు.

ఇక తయారీ విషయానికి వద్దాం. పళ్లెం మాత్రం చేయకండి, కొనండి. 14 అంగుళాల ఆకుపచ్చ లేదా నల్ల ప్లాస్టిక్ పళ్లెం 15 డాలర్ల లోపే దొరుకుతుంది. దాని అంచున అచ్చుపోసిన గాడులను ఇంట్లో చేయడం జరిగే పని కాదు. మూకుడు లాంటి పాత ఇనుప పాత్ర వాడేవారూ ఉన్నారు, కానీ ఇనుము మీద అయస్కాంతం ఉపయోగించలేరు, తుప్పు మీద సన్నని రజను కనిపించదు. కొత్త పళ్లేనికి తయారీలో అంటిన నూనె జిడ్డు ఉంటుంది కాబట్టి గిన్నెలు తోమే సబ్బుతో రెండు మూడు సార్లు రుద్ది కడగండి. జిడ్డు ఉన్నచోట సన్నని బంగారు రేకు నీటిపైన తేలిపోతుంది. పళ్లెం తిప్పే ఒడుపు మన ఇళ్లలో బియ్యం గాలించే ఒడుపే. కాకపోతే అక్కడ బియ్యాన్ని దించుకుని రాళ్లను అడుగున వదిలేస్తాం, ఇక్కడ అడుగున మిగిలిందే మనకు కావాలి.

జల్లెడ తప్పకుండా ఇంట్లోనే చేసుకోండి. హార్డ్‌వేర్ దుకాణంలో 5 గ్యాలన్ల బకెట్లు రెండు తీసుకోండి. ఒకదాన్ని అడుగు నుంచి నాలుగైదు అంగుళాల ఎత్తున అడ్డంగా కోసి, అడుగు భాగంలో అంచు చుట్టూ అంగుళం వదిలి మిగతాది కత్తిరించి తీసేయండి. ఆ మిగిలిన అంచు మీద అర అంగుళం కన్నుల గాల్వనైజ్డ్ తీగజాలీని పరచి, చుట్టూ రంధ్రాలు చేసి తీగతో కుట్టినట్లు బిగించండి. ఈ ముక్క రెండో బకెట్ మూతి మీద దిగకుండా కూర్చుంటుందో లేదో కోయకముందే చూసుకోండి. తీగ కొనలు చేతికి గుచ్చుకోకుండా లోపలికి వంచాలి. ఈ పని మీ అబ్బాయి చేస్తే చేతికి తొడుగులు ఉండాలి. అదే పద్ధతిలో పావు అంగుళం కన్నులతో ఇంకొకటి చేసుకుంటే సరిపోతుంది.

పెట్టె కొలతలు చెబుతాను. ఇద్దరు మోసుకుపోవడానికి అనువుగా 36 అంగుళాల పొడవు, లోపలి వెడల్పు 10 అంగుళాలు, పక్క గోడల ఎత్తు 5 అంగుళాలు ఉంచండి. అర అంగుళం ప్లైవుడ్ చాలు. నీరు లోపలికి వచ్చే చివర పక్క గోడలను 8 అంగుళాల మేర బయటికి విచ్చుకునేలా అమర్చితే తక్కువ ప్రవాహం ఉన్నచోట కూడా తగినంత నీరు పోగవుతుంది. కీళ్లకు తడికి తట్టుకునే జిగురు, స్టెయిన్‌లెస్ మేకులు వాడి, లోపలి మూలలకు సిలికాన్ పట్టించండి. పైన బయటి తలుపులకు వేసే వార్నిష్ మూడు పూతలు వేసి, వాసన పూర్తిగా పోయే దాకా ఎండనివ్వాలి. పచ్చి వార్నిష్ నీటి మీద పొర కట్టినా, నూనె జిడ్డు వల్ల వచ్చిన ఇబ్బందే వస్తుంది. చెక్క నీటిలో తేలుతుందని కూడా గుర్తుంచుకోండి: రెండు పక్కల గోడల మీద అడ్డంగా ఒక బద్ద వేసి, దాని మీద పెద్ద రాళ్లు పెట్టేలా చేయాలి.

అడుగున మొదటి 10 అంగుళాలు సన్నని గీతలున్న రబ్బరు మ్యాట్ అతికించండి. మెట్లకు, కార్ల నేలకు వేసే నల్ల గీతల రబ్బరు ముక్క సరిపోతుంది. గీతలు నీటి దారికి అడ్డంగా ఉండాలి. బంగారం పడితే ముందు అక్కడే కంటికి కనిపిస్తుంది, పిల్లవాడి ఉత్సాహం నిలవడానికి అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. మిగతా పొడవునా ఉంగరాల అల్లికతో గుల్లగా ఉండే వినైల్ మ్యాట్ వేయాలి. గుమ్మాల ముందు కాళ్లు తుడుచుకోవడానికి వేసే వాటిలో వెనుక అట్ట లేని రకం ఇదే పని చేస్తుంది. దాని మీద వజ్రాకారపు కన్నులున్న ఎక్స్‌పాండెడ్ మెటల్ జాలీ, ఆపైన అడ్డుపట్టీలు వస్తాయి. ముప్పావు అంగుళం అల్యూమినియం ఎల్-యాంగిల్ ముక్కలను రెండేసి అంగుళాల ఎడంతో రెండు పక్క బద్దలకు బిగించి నిచ్చెనలాంటి చట్రం చేయండి. చెక్క పట్టీలు కూడా పనిచేస్తాయి, పాతకాలం వారు అవే వాడారు. కానీ తడికి ఉబ్బి, అంచులు మొద్దుబారుతాయి. చట్రానికీ గోడలకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలకపోతే ప్లైవుడ్ ఉబ్బిన రోజున చట్రం బయటికి రాదు. చట్రాన్ని చెక్క చీలలతో లేదా రెక్కల బోల్టులతో పైనుంచి నొక్కి ఉంచాలి. మ్యాట్ కింద నుంచి నీరు పారితే బంగారమంతా ఆ దారినే పోతుంది.

నీటిలో దించేటప్పుడు ప్రతి 12 అంగుళాల పొడవుకు సుమారు అంగుళం వాలు ఇచ్చి మొదలుపెట్టండి. పట్టీల మీదుగా ఒకటి, ఒకటిన్నర అంగుళాల నీరు పారుతూ ఉండాలి. అక్కడి నుంచి చిన్న రాళ్లతో ఎత్తు సరిచేసుకుంటూ పోవాలి.

ఒక హెచ్చరిక చెప్పి ముగిస్తాను. అమెరికన్ నది దక్షిణ పాయ అయిన సౌత్ ఫోర్క్‌లో పైనున్న చిలీ బార్ ఆనకట్ట నుంచి నీరు వదిలే సమయాన్ని బట్టి నీటిమట్టం మారుతుంది. మిడిల్ ఫోర్క్‌లోనూ ఇదే వరస. ఉదయం మోకాలి లోతు ఉన్న చోట మధ్యాహ్నానికి నడుము లోతు రావచ్చు. వసంతంలో మంచు కరిగిన నీరు ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటుంది. పిల్లవాడికి లైఫ్ జాకెట్ లేకుండా నీటి అంచుకు కూడా పంపకండి.

సమాధానం: కాల్గూర్లీ మెటలర్జిస్టు

పై మిత్రులు కొలతలన్నీ చక్కగా చెప్పారు. నేను పశ్చిమ ఆస్ట్రేలియాలో ఖనిజ శుద్ధి రంగంలో పనిచేస్తున్నాను. చిన్న పెట్టె కూడా మా కర్మాగారంలో గురుత్వాకర్షణతో వేరుచేసే యంత్రాల సూత్రం మీదే నడుస్తుంది కాబట్టి ఆ సూత్రం అర్థమైతే ఏ మార్పు ఎందుకు చేయాలో మీకే తెలుస్తుంది.

బంగారం సాంద్రత 19.3, క్వార్ట్జ్ (పలుగురాయి) ఇసుకది 2.65. నీటిలో మునిగినప్పుడు రెండింటి నుంచీ నీటి సాంద్రత 1ని తీసివేయాలి కాబట్టి పోటీ 18.3కీ 1.65కీ మధ్య జరుగుతుంది, అంటే సుమారు 11 రెట్లు. గింజలు పెద్దవిగా ఉండి వేగంగా మునిగే పరిస్థితిలో 1 మిల్లీమీటరు బంగారు గింజా, 11 మిల్లీమీటర్ల గులకరాయీ దాదాపు ఒకే వేగంతో అడుగుకు చేరతాయి. ఆ రాయి కొట్టుకుపోయేంత ప్రవాహం పెడితే, దానితో పాటు ఆ గింజా పోతుంది. జల్లెడ పట్టడం అందుకే తప్పనిసరి. సన్నని రజను దగ్గర కథ ఇంకా కఠినం: అక్కడ నీటి జిగట ప్రధానమై, ఆ 11 రెట్ల ఆధిక్యం పరిమాణంలో దాని వర్గమూలానికి, అంటే సుమారు 3.3 రెట్లకు కుదించుకుపోతుంది. బంగారం గుండ్రటి గింజగా కాక పలుచని రేకుగా ఉంటే ఇంకా తగ్గుతుంది. కాబట్టి సన్నని బంగారం కావాలంటే సన్నగా జల్లించాలి, మెల్లగా పారించాలి. అర అంగుళం జల్లెడ నది ఒడ్డున సరిపోతుంది, కానీ ఇంటికి తెచ్చిన నల్ల ఇసుకను (బంగారంతో పాటు అడుగున మిగిలే బరువైన ఇసుకను) మళ్లీ టీ వడపోత అంత సన్నని జాలీలో వడకట్టి, ఒక్కో పరిమాణాన్నీ విడిగా గాలించాలి. ఖర్చు పెట్టవలసి వస్తే పెట్టె నగిషీ మీద కాకుండా ఈ జల్లెడల మీద పెట్టండి.

అడ్డుపట్టీ వెనుక నీరు సుడి తిరగాలి. ఆ సుడిలో ఇసుక కదులుతూ, వదులుగా ఉంటేనే బరువైన గింజకు కిందికి దిగడానికి సందు దొరుకుతుంది. వాలు తక్కువైతే పట్టీల మధ్య ఇసుక గట్టిగా పేరుకుపోయి, దాని మీదుగా బంగారం జారిపోతుంది. వాలు ఎక్కువైతే ఉన్నదంతా కొట్టుకుపోయి మ్యాట్ బయటపడుతుంది. పట్టీ వెనుక మూడో వంతు ఖాళీగా, అందులో నల్ల ఇసుక ఆడుతూ కనిపిస్తే పెట్టె సరిగా కూర్చున్నట్లు. మట్టిని పారతో ఒక్కసారిగా కుమ్మరించకుండా గిద్దెడు గిద్దెడుగా పోయించండి. ఈ ఓపిక పిల్లలకు నేర్పడం కష్టమే, కానీ పెట్టె ఫలితం సగం దాని మీదే ఆధారపడి ఉంది.

నదికి వెళ్ళేముందు పెరట్లోనే పరీక్ష చేసుకోండి. చేపలు పట్టే సామాను అమ్మే దుకాణాల్లో టంగ్‌స్టన్ గుళ్లు దొరుకుతాయి. టంగ్‌స్టన్ సాంద్రత 19.25, దాదాపు బంగారంతో సమానం. వాటిలో అతి చిన్నవాటిని లెక్కపెట్టి ఒక బకెట్ ఇసుకలో కలిపి, తోట గొట్టంతో నీరు పారించి పెట్టెలో నడపండి. తిరిగి ఎన్ని వచ్చాయో, ఏ పట్టీ దగ్గర ఆగాయో మీ అబ్బాయి చేత రాయించండి. సీసం ముక్కలను సుత్తితో పలచగా కొట్టి వాడేవారు ఉన్నారు. దాని సాంద్రత 11.34 మాత్రమే కాబట్టి సీసపు రేకును పట్టుకున్న పెట్టె అదే ఆకారంలోని బంగారాన్ని వదలదు. కానీ సీసం విషం, పిల్లల చేతికి ఇవ్వకండి. బంగారంలో ఎక్కువ భాగం పెట్టె మొదటి మూడో వంతులోనే ఆగాలి. చివరి పట్టీ దగ్గర కూడా కనిపిస్తూ ఉంటే, కొంత బయటికి పోతోందని అర్థం. నదిలో పని చేసేటప్పుడు పెట్టె నుంచి బయటపడిన ఇసుకను మధ్యమధ్యలో ఒక పళ్లెం నిండా తీసి గాలించి చూడటం వల్ల ఈ సంగతి అప్పటికప్పుడే తెలుస్తుంది.

పాదరసం గురించి చెప్పకుండా ఈ సమాధానం ముగించలేను. గోల్డ్ రష్ కాలంలోనూ, ఆ తర్వాత కొండలను నీటి ధారలతో కూల్చి బంగారం తీసిన కాలంలోనూ బంగారాన్ని అంటించుకుని ఆపుతుందని స్లూయిస్‌లలో పాదరసం పోసేవారు. 1884లో న్యాయమూర్తి సాయర్ ఇచ్చిన తీర్పుతో ఆ కొండలు కూల్చే పద్ధతికి అడ్డుకట్ట పడింది గానీ, అప్పటి పాదరసం సియెరా నదుల అడుగున ఇంకా ఉంది. మీ ఊరి ఫోల్సమ్, నటోమా సరస్సుల చేపలు ఎంత తినవచ్చన్న దానిపై రాష్ట్ర ఆరోగ్య హెచ్చరికలు ఉన్నది అందువల్లనే. పళ్లెంలో వెండిరంగు బొట్టు గానీ, తెల్లగా పూత పట్టిన బంగారం గానీ కనిపిస్తే చేత్తో తాకకుండా మూతబిగించే సీసాలో వేసి, జిల్లా ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి. ఆ తెల్లని పూత పోవాలని పొయ్యి మీద వేడి చేయడం ప్రాణాంతకం. ఆ ఆవిరికి రంగూ వాసనా ఉండవు.

ప్రశ్న: అనంతపురం విద్యార్థి

పెద్దలందరికీ నమస్కారం. నేను డిగ్రీలో భూగర్భశాస్త్రం చదువుతున్నాను. 2022 వరకు మా జిల్లాలో ఉన్న రామగిరిలో ఒకప్పుడు బంగారు గనులు నడిచాయి. పైన చెప్పిన పెట్టెను మా దగ్గరి వాగుల్లో దించితే రజను దొరికే అవకాశం ఉందా? సెలవుల్లో మా మిత్రులం చేసి చూడాలనుకుంటున్నాం.

సమాధానం: కుప్పం భూగర్భ శాస్త్రవేత్త

నాయనా, మీ ఉత్సాహం మెచ్చుకోదగినదే, కానీ ఆ పని చేయవద్దు. అమెరికా సమాఖ్య భూముల్లో మాదిరి సామాన్యుడు వెళ్ళి గాలించే వెసులుబాటు మన దేశంలో లేదు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఖనిజాన్వేషణ చేయడమే నేరం. 2015 సవరణ తర్వాత అయిదేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు.

శాస్త్రపరంగా కూడా ఒక తేడా ఉంది. రామగిరిలోనూ, మా దగ్గరి చిగురుగుంట, బిసానత్తంలలోనూ, 2001లో మూతపడిన కోలార్‌లోనూ బంగారం ముఖ్యంగా గట్టి రాతిలోని క్వార్ట్జ్ ఈనెల్లో, అంటే రాతి పగుళ్లలో నిండిన చారల్లో, ఉంది. ఆ రాయిని తవ్వి, పిండి చేస్తే తప్ప చాలావరకు బయటికి రాదు. కాలిఫోర్నియాలో మదర్ లోడ్ అని పిలిచే ఇలాంటి ఈనెలే కోట్ల సంవత్సరాలుగా అరిగి, నదులు ఆ బంగారాన్ని గులకరాళ్ల మధ్య పోగుచేశాయి. అందువల్ల అక్కడ చెక్కపెట్టెతో పని నడిచింది. కోలార్‌లో మాత్రం 1880లలో జాన్ టేలర్ సంస్థ లోతైన గనులు తవ్వవలసి వచ్చింది. పాత గనుల దగ్గర పోగుపడిన సయనైడు వ్యర్థాల జోలికి అసలే వెళ్ళకండి. పెట్టె చేయాలన్న కోరిక ఉంటే మీ కళాశాల ప్రయోగశాలలో చేయండి: మామూలు ఇసుకలో మాగ్నటైటు (అయస్కాంతానికి అంటుకునే నల్లని ఇనుప ఖనిజం) కలిపి, వాలు, ప్రవాహం మారుస్తూ ఎంత తిరిగి వచ్చిందో కొలవండి. ప్రాజెక్టు పనిగా అది ఎంతో విలువైనది, మీ అధ్యాపకుడి సంతకం తప్ప ఎవరి అనుమతీ అక్కర లేదు.

సమాధానం: బెండిగో గృహిణి

ఫోల్సమ్ అన్నయ్యగారికి, ఆస్ట్రేలియాలోని విక్టోరియా నుంచి నమస్కారం. మా దగ్గర వాగులు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉంటాయి కాబట్టి స్లూయిస్ కన్నా ఊయల పెట్టె, అంటే రాకర్, మాకు ఎక్కువగా పనికివస్తుంది. మీ దగ్గర నీటిలో పెట్టెను దించడానికి అనువైన ఒడ్డు దొరకకపోతే, అనుమతి ఉన్న చోట దీనిని ఆలోచించండి. 1848, 1849లలో కాలిఫోర్నియాలో పళ్లెం తర్వాత విరివిగా వాడినది ఇదే.

పైన 16 అంగుళాల చదరపు తొట్టె, దాని అడుగున అర అంగుళం రంధ్రాలున్న రేకు ఉంటాయి. దాని కింద వెనుకకు వాలుగా, కాస్త వదులుగా బిగించిన కాన్వాసు గుడ్డ మొదటి వడపోతగా బంగారాన్ని పట్టుకుంటుంది. అక్కడి నుంచి జారిన మట్టి అడుగు పలకకు చేరి, మ్యాట్, రెండు మూడు పట్టీల మీదుగా ముందుకు పారుతుంది. మొత్తం పెట్టె కింద రెండు వంపు తిరిగిన చెక్కలు ఉంటాయి. ఒకరు గరిటెతో నీరు పోస్తూ, మరొకరు పిడి పట్టుకుని ఊపితే సరి. మెత్తగా ఊపకండి: ప్రతి ఊపు చివరా కాస్త తగిలి ఆగితేనే ఇసుక వదులై బంగారం దిగుతుంది. కింద తొట్టె పెట్టి అదే నీటిని మళ్లీ వాడుకోవచ్చు, కానీ నీరు బురదగా చిక్కబడిన కొద్దీ సన్నని రజను దిగకుండా తేలిపోతుంది. మేము రెండు తొట్టెలు పెట్టి, ఒకదానిలో బురద తేరుకునే వరకు రెండోదాని నీరు వాడతాం. జిగట బంకమన్నును ముందే బకెట్లో నానబెట్టి చేత్తో పిసికి కరిగించాలి. కరగని బంక ఉండ పెట్టెలో దొర్లుతూ, అప్పటికే ఆగిన బంగారాన్ని అంటించుకుని బయటికి మోసుకుపోతుంది.

మా రాష్ట్రంలో మైనర్స్ రైట్ అనే పత్రం చిన్న రుసుముతో 10 ఏళ్ళకు ఇస్తారు. దానితో చేతి పనిముట్లతో, మెటల్ డిటెక్టరుతో అనుమతి ఉన్న భూముల్లో వెతకవచ్చు. చాలా జాతీయ పార్కులు, కొన్ని వాగులు అందులోకి రావు. 1869లో మోలియాగుల్‌లో వెల్కమ్ స్ట్రేంజర్ అనే భారీ ముద్ద నేల పైభాగానికి కాస్త కిందే దొరికిందని విని చాలామంది ఇంట్లోనే డిటెక్టరు తయారు చేయబోతారు. నా సలహా ఏమిటంటే, ఆ ప్రయత్నం చేయవద్దు. సులభమైన సర్క్యూట్లు నాణేలను పట్టగలవు గానీ, ఇనుప ఖనిజం నిండిన ఎర్ర నేలలో చిన్న బంగారు ముక్క సంకేతాన్ని నేల సంకేతం నుంచి వేరు చేయలేవు. చెక్క, గుడ్డ, జాలీలతో చేసే పరికరాలు మాత్రం ఇంట్లో చేసినా కొన్నవాటికి ఏ మాత్రం తీసిపోవు.

అనుబంధ ప్రశ్న: ఫోల్సమ్ వాసి

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ముందు పళ్లెం, రెండు బకెట్ జల్లెడలతో మొదలుపెడతాం. ఎల్ డొరాడో హిల్స్ కార్యాలయంలో ఒడ్డు తేల్చుకున్న తర్వాతే పెట్టె కోస్తాం. ఈలోగా పెరట్లో టంగ్‌స్టన్ పరీక్షకు కావలసిన చిన్న నమూనా చేయాలని మావాడు అప్పుడే గీతలు గీస్తున్నాడు. మిగిలిన సందేహం ఒకటే. పళ్లెంలో చివరికి చెంచాడు నల్ల ఇసుక మిగిలినప్పుడు అందులో నుంచి రజనును ఎలా ఏరుకోవాలి? మెరిసేదల్లా బంగారమేనా అన్నది ఎలా తేల్చుకోవాలి?

సమాధానం: ఆబర్న్ వడ్రంగి

ఇసుకను పూర్తిగా ఆరబెట్టి, అయస్కాంతాన్ని పలుచని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఇసుకకు తగలకుండా పైపైన తిప్పండి. మాగ్నటైటు సంచికి అంటుకుంటుంది. మరో పళ్లెం మీద అయస్కాంతాన్ని సంచిలో నుంచి బయటికి లాగితే అది రాలిపోతుంది. అలా రాలిన ఇసుకలో కూడా రేకులు చిక్కుకుని ఉంటాయి కాబట్టి దాన్ని పరచి మళ్లీ ఒకసారి తిప్పాలి. అయస్కాంతానికి అంటని నల్ల ఇసుక కూడా ఉంటుంది. దాన్ని పళ్లెంలో గుక్కెడు నీటితో, ఒక చుక్క సబ్బు వేసి, అంచును వేలితో మెల్లగా తడుతూ వెనక్కి నడిపిస్తే బంగారం తోకలాగా వెనుక మిగులుతుంది.

దాన్ని పీల్చడానికి సీసా కొనవలసిన పని లేదు. మెత్తని ప్లాస్టిక్ సాస్ సీసా మూతికి బిగువుగా పట్టే సన్నని గొట్టాన్ని లోపలికి సగం దాకా దించి అమర్చండి. సీసాను నొక్కి వదిలితే నీటితో పాటు రేకు లోపలికి వచ్చి అడుగున పడుతుంది. గొట్టం లోపలి కొన అడుగుకు దూరంగా ఉంటుంది కాబట్టి మళ్లీ నొక్కినా బయటికి పోదు.

మెరుపు విషయానికి వస్తే, పళ్లేన్ని మీ నీడలోకి తిప్పి చూడండి. అభ్రకం, పైరైటు (బంగారంలా మెరిసే ఇనుప ఖనిజం) ఎండ తగిలే కోణంలోనే తళుక్కుమంటాయి. బంగారం నీడలోనూ అదే పసుపు రంగుతో ఉంటుంది. అభ్రకం నీరు కదలగానే లేచి తిరుగుతుంది, బంగారం కదలడానికి మొరాయిస్తుంది. ఇంకా అనుమానం ఉంటే గుండుసూది మొనతో నొక్కండి: పైరైటు పొడి అవుతుంది, అభ్రకం పొరలుగా విడిపోతుంది, బంగారం సొట్ట పడుతుంది. ఒక గ్రాము బంగారమంటే 4 మిల్లీమీటర్ల కన్నా చిన్న ఘనం. మీకు దొరికే రేకులు అందులో చాలా చిన్న వంతు ఉంటాయి కాబట్టి నీరు నింపిన చిన్న గాజు సీసాలో వేసి ఉంచితే అవి పెద్దవిగా కనిపిస్తాయి, పిల్లవాడు బడిలో చూపించడానికీ వీలుగా ఉంటుంది. వెతికే చోటు కోసం నది మలుపు లోపలి ఒడ్డు, పెద్ద బండల దిగువ వైపు, నీరు తగ్గినప్పుడు బయటపడే అడుగు బండ పగుళ్లు చూడండి. రాష్ట్ర పార్కులో ఆ పగుళ్లను చేతి వేళ్లతోనే శుభ్రం చేయాలి. సమాఖ్య భూమిలో అయితే పాత స్క్రూడ్రైవరు కొనను వంచి చేసుకున్న కొక్కెం ఒకటి చాలు.